పక్కన పెట్టిన ముక్కలు

బిష్కెక్,
సెప్టెంబరు మొదటి వారం

చెల్లెలు బురుల్‌కి,

నీ అక్క, నీ ఎజె, దీవించి రాస్తున్న సంగతులు. ఈ ఉత్తరం పొయ్యి పక్కన కూర్చుని చదువు. నేను కాలేజీలో చేరాను.

నవ్వడం అయిందా? అయితే మిగతాది విను. మా బడి క్యాంటీన్ మూసేశారని పోయిన ఉత్తరంలో రాశాను కదా. ఇప్పుడు పిల్లలకి ఎక్కడి నుంచో డబ్బాల్లో తిండి వస్తోంది. నలభై నాలుగేళ్ళ మనిషికి కొత్తగా ఇంకెవరు గరిటె చేతికిస్తారు? మార్కెట్ వెనక వృత్తివిద్యా కాలేజీ గోడ మీద కాగితం చూశాను. వీడియో తీయడం, ఎడిటింగ్ చేయడం, ఒక ఏడాది చదువు, వయసుతో పని లేదు అని ఉంది. లోపలికి వెళ్ళాను. వెళ్ళిందాన్ని పేరు రాయించుకుని బయటికొచ్చాను.

వీడియోనే ఎందుకంటావు. ఇరవై ఏళ్ళు క్యాంటీన్ కిటికీలోంచి పిల్లల ముఖాలే చూశాను కదే. ఎవరికి ఆకలిగా ఉందో, ఎవరు ఏడ్చి ముఖం కడుక్కుని వచ్చారో ఒక్క చూపులో తెలిసిపోయేది. మీ బావ పోయాక ఇంట్లో చూడ్డానికి ముఖాలే లేవు. ఆ చూపు ఇంకెక్కడైనా పనికొస్తుందేమోనని అనిపించింది.

మా మాస్టరు పేరు ఎమిల్. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. నేను మర్యాదకి అగాయ్ అంటాను, అంటే అన్నగారన్నట్టే కదా. అతను నన్ను ఎజె అంటాడు. క్లాసులో పిల్లలు నవ్వుతారు. ఇప్పుడు వాళ్ళందరికీ నేను ఎజెనే. నువ్వొక్కదానివే పిలిచే పిలుపు ముప్ఫై మంది పంచుకుంటున్నారు, ఏమీ అనుకోకు.

మొదటి రోజే పరువు తీసుకున్నాను. కెమెరా ఇచ్చి చెట్టు తీసుకురమ్మన్నారు. నేను మీట నొక్కి చెట్టు తీశాను, మళ్ళీ నొక్కి ఆపాను. అనుకున్నాను. నిజానికి నొక్కినప్పుడు ఆగింది, ఆపినప్పుడు మొదలైంది. క్లాసులో తెర మీద వేస్తే చెట్టు లేదు. నా చెప్పులు, మెట్లు, "ఈ పిల్లాడికి జుట్టు కత్తిరించుకోమని చెప్పేవాళ్ళు లేరా" అని నా గొణుగుడు. ఎమిల్ అగాయ్ జుట్టు సవరించుకుని, "శబ్దం మాత్రం చక్కగా వచ్చింది ఎజె" అన్నాడు.

మీ ఆయన కుబాన్‌కి చెప్పు. ఇంకెవరికీ చెప్పకు. చెప్పడానికి అక్కడ ఎవరున్నారులే.

ఇట్లు,
నీ ఎజె అనారా


కర-బెల్ కనుమ, మంచు పరిశీలన కేంద్రం
సెప్టెంబరు నెలాఖరు

ఎజెకి,

తొక్తొ బండి ఇంజను ఆపకుండా కూర్చుని నన్ను తరుముతున్నాడు. పిండి, బొగ్గు, నీ ఉత్తరం తెచ్చాడు. నేనిది రాసేలోగా కుబాన్ అతనికి టీ మీద టీ పోస్తున్నాడు.

నీ చెప్పుల సంగతి చదివి కుబాన్ బల్ల మీద వాలిపోయి నవ్వాడు. ఇక్కడ మాతో ఉన్న మూడో మనిషి, ముసలి షర్షెన్ తాతకి కూడా చదివి వినిపించాం. "ఆ మాస్టరుకి నిజంగానే జుట్టు ఎక్కువా?" అని అడిగాడు. అదీ ఆయనకి పట్టిన బెంగ.

నేనూ నవ్వాను. తరవాత నీ కాలేజీ ఎలా ఉంటుందా అని ఆలోచిస్తూ రొట్టె మాడ్చాను. నాకు పుస్తకం చేతికిచ్చి బలవంతాన అక్షరాలు దిద్దించిన దానివి, నీ చదువు మాత్రం ఎనిమిదిలో ఆపేశావు. ఎందుకు ఆపావో నాకు తెలుసు. నాకోసం వంట చేయడానికి. అందుకే, నిన్ను వెక్కిరించి నవ్వుతున్నానని అనుకోకు.

ఇక్కడంతా మామూలే. మూడు గంటలకోసారి వేడి, గాలి, మంచు చూసి రేడియోలో కింద నారిన్ ఊరి ఆఫీసుకి అంకెలు చెప్పడం. పొద్దుటి కొలతలకి ఈ మధ్య కుబానే వెళ్తున్నాడు. ఉన్నట్టుండి ఆయనకి చలి మీద మోజు పుట్టింది. నేను లోపల హాయిగా ఉన్నాను. బాగా తింటున్నాను.

వచ్చే బండికి కురుత్, ఆ ఎండబెట్టిన పెరుగు ఉండలు, పంపిస్తాను. చదువుకునేవాళ్ళు ఏదో ఒకటి చప్పరిస్తూ ఉండాలి.

నీ బురుల్


బిష్కెక్,
అక్టోబరు మొదట్లో

బురుల్‌కి,

ఈ కవరులో రెండు మెమరీ కార్డులు ఉన్నాయి. పారేయకు, షర్షెన్ తాత చేతికి ఇవ్వకు.

మేం అర్ధసంవత్సర పరీక్షకి ఒక చిన్న సినిమా చేయాలి. "మనిషి, పని" అని అంశం. పిల్లలందరూ కాఫీ కొట్టుల్లోనూ కార్లు బాగుచేసేచోటా తిరుగుతున్నారు. నాకేమో నువ్వూ, ఆ కొండా తప్ప ఏమీ తోచలేదు. నేను అక్కడికి రాలేను. నువ్వు తీసి పంపితే నేను ఇక్కడ కూర్చి చేస్తాను. వేరొకరు తీసినా పరవాలేదు, మార్కులు కూర్పుకే అని అగాయ్ ఒప్పుకున్నాడు.

నీ పాత ఫోను చాలు. నేను నేర్చుకున్నది చెప్తాను. ఫోను అడ్డంగా పట్టుకో. దేన్నయినా తీసేటప్పుడు కదలకుండా నిలబడి మనసులో పది లెక్కపెట్టు, తరవాతే కదులు. దగ్గరగా చూపించాలంటే నువ్వే దగ్గరికి నడువు, వేళ్ళతో లాగకు. ముందు దూరం నుంచి మొత్తం తియ్యి, తరవాత చేతులు తియ్యి, తరవాత ముఖం. మాట్లాడేవాళ్ళు ఆగిపోయినా నువ్వు ఆపకు. ఆగిన తరవాతే అసలు సంగతి వస్తుందని అగాయ్ అంటాడు. గాలి చప్పుడు ఎక్కువైతే మైకు రంధ్రం దగ్గర చిన్న ఉన్ని ముక్క పెట్టు. ఇది నా సొంత తెలివి, మేం అది చేస్తుంటే క్లాసంతా వచ్చి చూశారు.

మేం అంటే నేనూ, మెదీనా. ఇద్దరికీ ఒకే కంప్యూటరు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, చెవుల్లో ఎప్పుడూ ఏదో మోగుతూ ఉంటుంది. క్లిప్పుల్ని వరసలో ఎలా పేర్చాలో, ఎక్కడ కోయాలో నా వేలు పట్టుకుని చూపిస్తుంది. విసుక్కుంటుంది కూడా. "ఎజె, అది మౌసు, పూరీకర్ర కాదు, అంత గట్టిగా నొక్కకండి" అంటుంది.

ఇక్కడ నాకంతా బాగుంది. అందరూ బాగా చేస్తున్నానంటున్నారు.

నీ ఎజె


కర-బెల్,
అక్టోబరు చివర

ఎజెకి,

రెండు కార్డులూ నింపాను. కుబాన్ అయితే ఇప్పుడు కెమెరా లేకపోతే పని చేయడం లేదు. మంచు లోతు కొలిచే కర్ర దగ్గర నిలబడి, "ఎటువైపు తిరగమంటావు?" అని అడుగుతున్నాడు. షర్షెన్ తాత టోపీ కొత్తది పెట్టుకున్నాడు. నువ్వు అడిగింది మనిషి, పని. మాకేమో పెళ్ళి జరుగుతున్నట్టుంది.

పది లెక్కపెట్టడం కష్టమే. మొదట్లో నాలుగుకే చెయ్యి లాగేసేది. తరవాత అలవాటైంది. ఇన్నేళ్ళుగా ఈ కొండని చూస్తున్నాను గానీ దాని మీద మేఘం నీడ అంత నెమ్మదిగా పాకుతుందని ఇప్పుడే చూశాను.

పోయిన వారం మొదటి పెద్ద మంచు పడింది. కనుమ మూసేముందు తొక్తొ ఇంకో మూడుసార్లు వస్తాడు, ఆఖరిది నవంబరు చివర. ఆ తరవాత వసంతం దాకా ఉత్తరాలు లేవని నీకు తెలిసిందే. ఎప్పటిలాగే చలికాలమంతా ఇక్కడే. కంగారు పడకు.

ఆ పాత కోటులో నా ముఖం ఎక్కడైనా కనిపిస్తే తీసేయి. నీ క్లాసు పిల్లలు నన్ను చూసి భయపడతారు.

బురుల్


బిష్కెక్,
నవంబరు పదో తేదీ

బురుల్,

ముందు ఒక నిజం చెప్పాలి. బాగా చేస్తున్నానని రాశాను, అది అబద్ధం. నీ కార్డులు రాగానే సంబరంగా కూర్చుని, నువ్వు తీసినదంతా ఒకదాని వెనక ఒకటి పేర్చి అగాయ్‌కి చూపించాను. ఒక్కటీ వదలబుద్ధి కాలేదు. నువ్వు చలిలో నిలబడి తీసినవి ఎలా కోస్తాను? అతను మొత్తం ఓపికగా చూసి, "ఎజె, ఇది సరుకుల గది. వంట ఇంకా మొదలవలేదు" అన్నాడు. మాట తప్పు కాదు, మెత్తగానే అన్నాడు. అయినా నేను నడవాలోకి వెళ్ళి ఏడ్చాను. మానేద్దామనుకున్నాను. మెదీనా వచ్చి పక్కన కూర్చుని వేడి సమ్సా సగం విరిచి నా చేతిలో పెట్టింది. "నా మొదటిది చూసి అగాయ్ ఏమన్నాడో తెలుసా? 'ఇందులో మంచి విషయం ఇది అయిపోవడమే' అన్నాడు" అంది. ఇద్దరం తిని లోపలికొచ్చాం.

ఏది ఉంచాలో తెలియాలంటే మళ్ళీ మళ్ళీ చూడాలి. శబ్దం తీసేసి చూడాలి, బొమ్మ తీసేసి వినాలి. అలా చూశాను. నీ క్లిప్పులు ఇప్పుడు నాకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తాయి.

థర్మామీటర్ల పెట్టె నిచ్చెన ప్రతిసారీ కుబానే ఎక్కుతున్నాడు. పోయినేడు ఆ నిచ్చెన నీదే, ఇంకెవరినీ ఎక్కనిచ్చేదానివి కాదు. బొగ్గు తీసే క్లిప్పు మొదట్లో, నువ్వు ఇంకా ఫోను సరిగ్గా పట్టుకోకముందే, "వద్దు, నేనెత్తుతాను" అని కుబాన్ గొంతు ఉంది. పెళ్ళయిన కొత్తలో కూడా బకెట్టు ఎత్తని మనిషి. మంచు మీద నీ నీడ పడిన చోట ఒక చెయ్యి నడుం మీద ఉంది. ఇక టీ కాచే క్లిప్పు. నువ్వు కెటిల్‌ని తీస్తున్నావు, పది లెక్కపెడుతున్నావు. వెనక కిటికీ అద్దంలో నువ్వు కనిపిస్తున్నావు. రెండో చెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఉన్నావు.

ఎన్నో నెలే?

ఆ ముక్కలన్నీ కోసి పక్కన పెట్టాను. మెదీనా కూడా చూడలేదు. కాలేజీ కంప్యూటరులోంచి తీసేశాను, నా దగ్గర కార్డులో మాత్రమే ఉన్నాయి. సినిమాలోకి రావు.

ఆఖరి బండిలో దిగి వచ్చేయి బురుల్. కనుమ మూసుకుంటే నీకేమైనా అయితే కుబాన్ రేడియోలో ఎవరిని పిలుస్తాడు? పిలిచినా ఎవరు రాగలరు? నారిన్‌లో మీ అత్తగారి ఇంట్లో ఉండు, లేకపోతే నా దగ్గరికి రా.

ఎజె


కర-బెల్,
నవంబరు పదహారు

ఎజెకి,

నేను నీకు మంచు పంపించాను. నువ్వు నా పొట్ట చూశావు.

కోపంగా ఉంది. తొక్తొ రేపటిదాకా ఇక్కడే ఉంటాడు, బండి చక్రం బాగుచేసుకోవాలి. ఈ ఉత్తరం నిన్న రాసి చించేశాను. ఇది రెండోది.

ఐదో నెల. కుబాన్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. షర్షెన్ తాతకి తెలిసే ఉంటుంది, అడగడు. మొదటిసారి అందరికీ చెప్పాను. అత్తగారు రంగురంగుల బొంత కుట్టింది, నువ్వు ఉన్ని మేజోళ్ళు అల్లావు. మూడో నెలలో పోయింది. రెండోసారి సగం మందికే చెప్పాను. అదీ పోయింది. అత్తగారు ఆ బొంత మడిచి పెట్టెలో పెట్టడం నేను తలుపు పక్కన నిలబడి చూశాను. ఇంకోసారి అది చూడలేను.

రెండుసార్లూ కిందనే పోయింది ఎజె. డాక్టర్లున్న చోట, రోడ్లున్న చోట, నువ్వున్న చోట. ఈసారి ఇక్కడ, ఈ నిశ్శబ్దంలో, నిలబడింది. నేను కదిలితే అదీ కదిలిపోతుందని భయం. నువ్వు దీనికి బుద్ధిలేనితనం అని పేరు పెట్టుకో. నాకు మాత్రం ఈ గది, ఈ పొయ్యి, మూడు గంటలకోసారి మోగే ఆ గంట, ఇవన్నీ కలిసి దాన్ని పట్టుకున్నాయనిపిస్తోంది.

నేను రాను. తిట్టకు.

బురుల్


బిష్కెక్,
నవంబరు ఇరవై రెండు

బురుల్‌కి,

తిట్టను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ భయం తప్పని చెప్పడానికి నేనెవర్ని? ఆ రెండుసార్లూ నీ పక్కన కూర్చున్నది నేనే.

చూసినందుకు క్షమించమని మాత్రం అడగను.

నువ్వు రాకపోతే నేనే వస్తాను. తొక్తొతో మాట్లాడాను. ఆఖరి బండిలో బొగ్గు బస్తాల మధ్య నాకు చోటుంది. ఫెల్టు బూట్లు కొన్నాను. మందులషాపు అమ్మాయి దగ్గర కూర్చుని ఏమేం కావాలో రాయించుకున్నాను. నారిన్ ఆసుపత్రిలో పాతికేళ్ళుగా పురుళ్ళు పోస్తున్న ఒకావిడని ఫోనులో పట్టుకుని, అవసరమైతే ఏం చేయాలో అడిగాను. ఆవిడ ముందు నన్ను తిట్టింది, తరవాత చెప్పింది. ఆ తిట్లన్నీ నీకు అక్కడికి వచ్చాక వినిపిస్తాను.

పరీక్ష డిసెంబరులో ఉంది. అగాయ్‌ని అడిగితే, మళ్ళీ పెట్టడానికి వీలుకాదు, వచ్చే సెప్టెంబరులో మొదటి నుంచి చేరాల్సిందే అన్నాడు. సరే అన్నాను. కాలేజీ ఎక్కడికీ పోదు. నేను నిజంగానే బాధపడటం లేదు. నువ్వు ఆడతోడు లేకుండా అక్కడ చలికాలమంతా ఉంటే నేను ఇక్కడ ఏ క్లిప్పూ కోయలేను, అదీ సంగతి.

ఇరవై తొమ్మిదిన వస్తున్నాను. నాకు కిటికీ వైపు పక్క వెయ్యండి.

ఎజె


నారిన్, అత్తగారి ఇల్లు
డిసెంబరు మూడు

ఎజెకి,

ఫోను ఉన్న ఊరికి వచ్చి కూడా ఉత్తరమేమిటంటావు. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు.

ఆఖరి బండికి ముందు బండిలో నీ ఉత్తరం తెచ్చిన రోజు తొక్తొ గుమ్మంలోనే, "మీ ఎజె బూట్లు కొనేసింది. పెద్ద సైజు. సీట్లో ఆవిడకి చోటివ్వాలంటే నేను నడిచి రావాలి" అన్నాడు. కుబాన్ ఉత్తరం తీసుకుని చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. చివరికి, "మీ ఎజె గురక పెడుతుందా?" అని అడిగాడు. పెడుతుందన్నాను. "అయితే నువ్వు కిందికి వెళ్ళాల్సిందే. ఒకే గదిలో నేనూ, షర్షెన్ తాతా, మీ ఎజె గురకా అంటే చలికాలం గడవదు" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఏడ్చాను, ఆయన కూడా.

నీ చదువు రెండోసారి నాకోసం ఆగిపోవడం నేను భరించలేనని నీకు తెలుసు. తెలిసే రాశావు. చాలా చెడ్డదానివి.

తొక్తొ దారంతా గుడ్ల బుట్ట మోస్తున్నట్టు నడిపాడు. ప్రతి గోతి ముందూ ఆగి నా ముఖం చూసేవాడు. మామూలుగా ఒక పూటలో దిగే దారి పొద్దున బయల్దేరితే సాయంత్రమైంది. కుబాన్ మలుపు దాకా పక్కనే నడిచొచ్చాడు. వసంతం వరకూ ఇక రేడియోలో అంకెలే.

డాక్టరు చూసింది. గుండె చప్పుడు వినిపించింది. అదేం చప్పుడే ఎజె, గుర్రం పరుగెత్తినట్టుంది. నేను కదిలాను, అది కదిలిపోలేదు. ఉంది.

అత్తగారు నన్ను గుమ్మంలోనే కూర్చోబెట్టింది. నా బూట్లు తనే విప్పింది.

నీ పరీక్ష బాగా రాయి. రాయడం కాదులే, కూర్చు.

బురుల్


బిష్కెక్,
డిసెంబరు ఆఖరు

బురుల్‌కి,

బూట్లు తిరిగి తీసుకోనన్నారు. వేసుకుని కాలేజీకి వెళ్తున్నాను. మెదీనా నన్ను ఎలుగుబంటి అంటోంది.

పరీక్ష అయింది. చీకటి గదిలో ఒక్కొక్కరివీ వేశారు. నీ కొండ తెర మీదకి రాగానే గుసగుసలు ఆగిపోయాయి. నువ్వు పంపినదాంట్లో పదో వంతు కూడా లేదు సినిమాలో. కుబాన్ మంచు తవ్వడం, షర్షెన్ తాత కళ్ళు చికిలించి అంకె చదవడం, నీ గొంతు రేడియోలో చెప్పడం, మళ్ళీ మంచు. తాత కొత్త టోపీ ఉన్నవన్నీ తీసేశాను, పాత టోపీలో ఒకటి దొరికింది. ఆయనకి చెప్పకు.

నీ ముఖం ఒక్కచోట ఉంచాను. నువ్వు వద్దన్నావు, అయినా ఉంచాను. అంకెలన్నీ చెప్పేశాక నారిన్ నుంచి, "అందింది, కర-బెల్" అంటారు కదా, అప్పుడు నువ్వు కొద్దిగా నవ్వుతావు. ఎవరో విన్నారని. అంతే. ఎక్కడ కోయాలో అక్కడ నాకు తెలిసింది. ఎవరూ చెప్పలేదు, నా వేలే ఆగింది.

అగాయ్, "రెండో షాట్ ఇంకొంచెం తగ్గించొచ్చు" అన్నాడు. తరవాత లేస్తూ, "మిగతాది వంటే" అన్నాడు. నాకు మంచి మార్కులే వచ్చాయి. మెదీనాకి నాకంటే ఎక్కువ వచ్చాయి, రావాల్సిందే, దానిది చాలా బాగుంది.

పక్కన పెట్టిన ముక్కల కార్డు ఈ కవరులో పంపుతున్నాను. అవి నీవి. ఉంచుకుంటావో, చెరిపేస్తావో నీ ఇష్టం.

ఎజె


నారిన్,
మార్చి చివర

ఎజెకి,

ఫోనులో నువ్వు ఏడవడం తప్ప ఏమీ వినలేదు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. ఆడపిల్ల. నా ముక్కు కాదు, కుబాన్ ముక్కు కాదు, నీ ముక్కు. అత్తగారు జార్కినాయ్ అని పేరు పెట్టింది.

కుబాన్‌కి ఎలా చెప్పామో విను. రేడియోలో సొంత మాటలు మాట్లాడకూడదు కదా. వాతావరణ ఆఫీసులో రేడియో అమ్మాయి పొద్దుటి అంకెలన్నీ తీసుకుని, చివర అదే గొంతుతో, "కర-బెల్, నారిన్ మాట్లాడుతోంది. ఈ ఉదయం ఇక్కడ ఒక ఆడపిల్ల. బరువు మూడు కిలోల రెండు వందలు. ఏడుపు బలంగా ఉంది. తల్లి నిలకడగా ఉంది" అని చదివిందట. అటునుంచి చాలాసేపు గరగర. తరవాత కుబాన్, "నారిన్, సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పండి" అన్నాడు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ వినపడలేదన్నాడు. మూడోసారి వెనక నుంచి షర్షెన్ తాత, "వినపడిందమ్మా, వీడు ఊరికే అంటున్నాడు" అని అరిచాడట. ఆ అమ్మాయే ఆసుపత్రికి వచ్చి స్వయంగా చెప్పి వెళ్ళింది.

నువ్వెప్పుడొస్తావు? కెమెరా తెచ్చుకో. కనుమ తెరిచేసరికి కుబాన్‌కి చూపించాలి.

బురుల్


బిష్కెక్,
ఏప్రిల్ ఇరవై

బురుల్‌కి,

క్షేమంగా చేరాను. కుబాన్‌కి చూపించడానికి వీడియో ఏదని నువ్వు ఫోనులో అడిగావు, నేను మాట మార్చాను. అందుకే ఇది.

మెదీనా అన్నీ సర్దిచ్చింది. బ్యాటరీలు నింపింది, స్టాండు కట్టింది, ఖాళీ కార్డులు పెట్టింది. వచ్చే నెల నుంచి నన్ను ఒక స్టూడియోలో ఎడిటింగుకి రమ్మన్నారని చెప్పాను కదా, అక్కడ చూపించుకోవడానికి కూడా పనికొస్తుందని అగాయ్ అన్నాడు. కిటికీ పక్కన ఉయ్యాల, పొద్దుటి వెలుతురు, ఎలా తీయాలో బస్సులోనే అంతా ఆలోచించుకున్నాను.

తీరా మీ ఇంట్లో ఉన్నన్ని రోజులూ ఆ సంచి జిప్పు కూడా తీయలేదు. బస్సెక్కి కూర్చున్నాక చూసుకున్నాను. అగాయ్ అడిగాడు, ఏమైంది ఎజె అని. చేతులు ఖాళీ లేవు అన్నాను.

కనుమ తెరిచాక కుబాన్‌నే వచ్చి ఎత్తుకోమను.

ఎజె